మొదటి మబ్బు బోణీ

తప్పు ముందే ఒప్పేసుకుంటే తిట్లు కొంచెం తగ్గుతాయేమోనని ఆశ. ఎక్కడో హిమాలయాల్లో కొందరు మూడు శీతాకాలాలపాటు ముక్కులు గడ్డకట్టించుకుని చేసిన పరిశోధనని, ఖరగ్‌పూర్‌లో ఒక వెధవ నోట్లో రసగుల్లా పెట్టుకుని చెప్పిన ఒకే ఒక్క జోకుతో పడగొట్టేశాడు. వాడి పేరు నూకరాజు. ఆ ఊళ్ళోనే ఝపటాపూర్ పేటలో వాడికో చిన్న రేడియో రిపేరు కొట్టు. రేడియోలు విప్పడం తనంతట తనే నేర్చుకున్నాడు. బిగించడం ఇంకా నేర్చుకుంటున్నాడు. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది ఆ నూకరాజే. కాబట్టి ఇక్కణ్ణుంచి వాణ్ణి పరాయివాడి కిందే లెక్కేద్దాం. మర్యాదలు కూడా అక్కర్లేదు. మర్యాద ఇవ్వాల్సింది దుర్గాంబ గారికి. కథ ఆవిడది.

దుర్గాంబ గారు రైల్వే కాలనీ తెలుగు బడిలో లెక్కల టీచరు. పుట్టింది ఖరగ్‌పూర్‌లోనే. తండ్రికి గోల్‌బజార్‌లో పూజ సామాన్ల కొట్టు ఉండేది. ఆవిడ కర్పూరం డబ్బా మీద కూర్చుని ఎక్కాలు నేర్చుకుంది, తక్కెడ చూస్తూ భిన్నాలు నేర్చుకుంది. బడిలో చేరాక పిల్లలకి మార్కులు కూడా తక్కెడలో పెట్టి తూచినట్టే వేసేది. ఒకసారి స్టేషను మాస్టారి కొడుకు లెక్కంతా సరిగ్గా చేసి, జవాబు చివర ‘కిలోలు’ అని రాయడం మరిచిపోయాడు. అర మార్కు కోసేసింది. స్టేషను మాస్టారు ఇంటికొచ్చి బతిమాలితే, ‘‘బండి చివర గార్డు లేకుండా పంపించేస్తారేటండీ మీరు?’’ అని అడిగింది. ఆయన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆవిడ భర్త వెంకటసుబ్బయ్య గారు రైల్వే ఆఫీసులో పెద్ద గుమస్తా. ఆఫీసులో ఆయన సంతకం కోసం జనం బారులు తీరతారు. ఇంట్లో ఆయన ఇంకో చెంచా నెయ్యి కోసం చూస్తూ కూర్చుంటాడు.

దుర్గాంబ గారికి లోకంలో ఒకే ఒక్క భయం, చలి. బెంగాలీ ఇరుగుపొరుగు మంకీ టోపీలు బయటికి తీయడానికి ఒక రోజు ముందే ఆవిడ తీసేది. స్వెట్టరు, దాని మీద శాలువా, మఫ్లరు, అన్నిటి మీదా ఆ టోపీ. అలా బడికి నడిచి వెళ్తుంటే, గౌహతికి బుక్ చేసిన పార్సిల్ ఒకటి గూడ్సు పెట్టెలోంచి జారిపడి రోడ్డెక్కినట్టు ఉండేది. జన్మలో ఆవిడ చూసిన మంచల్లా ఊళ్ళో ఇందా అనే పేట బజారులో చేపల బుట్టల మీద పోసే ఐసు గడ్డలే. అవి కూడా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రిక్షా ఆపకుండా చూసినవే.

అలాంటి మనిషి చేతిలో హిమాలయాల మంచుని పెట్టాలని చలపతికి ఎందుకు బుద్ధి పుట్టిందో చెప్పాలి.

చలపతి బాపట్ల వైపు కుర్రాడు. పూరీ గేట్ అనే రైలు గేటు అవతల ఇంజినీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరు. ఆకాశం గురించి అంతా చదువుకున్నాడు గానీ అన్నం వండుకోవడం చదువుకోలేదు. అందుకని ఆదివారం వచ్చిందంటే సైకిలెక్కి దుర్గాంబ గారి ఇంట తేలేవాడు. ఒక ఆదివారం పప్పు కలుపుకుంటూ తన గోడు మొదలెట్టాడు.

‘‘అమ్మా, చలికాలం ఆ కొండల మీదకి పడమటి నుంచి మంచు తుఫాన్లు వస్తాయి. ఆ మబ్బుల్లో నీళ్ళు సున్నా కంటే కిందకి చల్లబడిపోయి కూడా గడ్డకట్టకుండా తుంపర్లుగానే ఉండిపోతాయి. కొండ మీద మేం ఓ పొయ్యి పెట్టాం. అందులో కొంచెం వెండి కలిసిన మందు వేసి మండిస్తే ఆ పొగ మబ్బులోకి వెళ్తుంది. తుంపర్లు ఆ పొగ నలుసుల్ని పట్టుకుని మంచు రేకులై రాలతాయి.’’

‘‘పాలకి తోడు వేసినట్టు,’’ అంది దుర్గాంబ గారు, చారు వడ్డిస్తూ.

చలపతి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ తర్వాత కాలేజీలో పాఠం చెప్పినప్పుడల్లా ఆ మాటే వాడుకున్నాడు. ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదట.

‘‘మరి బాబూ, ఎలాగూ మంచు పడే మబ్బే కదా. అది మీ మందుకి రాలినాదో, దానంతటది రాలినాదో ఎలా తెలుస్తాది?’’

‘‘అసలు గొడవ అదేనమ్మా! కొన్ని తుఫాన్లకి మందు వేస్తాం, కొన్నిటికి మానేస్తాం. రెండు రకాలకీ ఎంత మంచు పడిందో కొలుస్తాం. అయితే దేనికి వెయ్యాలో, దేనికి మానాలో మేం ఎంచుకోకూడదు. చీటీ తీసినట్టు తియ్యాలి. తీసేవాడు కొండ మీద ఉండకూడదు. బాగా బలిసిన మబ్బు కళ్ళెదురుగా కనపడితే చెయ్యి ఊరుకోదు. ఎలాగూ కురుస్తుంది, దీనికే మందు వేసేద్దాం, పేరొస్తుంది అనిపిస్తుంది. అందుకని మబ్బు కనపడనంత దూరంలో ఉన్న మనిషి కావాలి. పైగా...’’

‘‘పైగా ఏటి?’’

‘‘మీరు ఎవరికీ అర మార్కు కూడా కలపరని ఊరంతా చెప్పుకుంటారమ్మా.’’

దుర్గాంబ గారు మొహం అటు తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి చలపతి అన్నంలో నెయ్యి రెండు చెంచాలు పడింది. వెంకటసుబ్బయ్య గారు ఆ రెండో చెంచా వైపు చాలాసేపు చూశాడు.

చీటీలకి బదులు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో హౌసీ, అదే తంబోలా, ఆడే చెక్క బిళ్ళలు తెచ్చారు. ఒకటి నుంచి తొంభై దాకా అంకెలు వేసిన బిళ్ళలు, ఒక గుడ్డ సంచీలో. అక్కడ అంకెలు పిలిచేది విల్‌ఫ్రెడ్ దొర. మెయిలు బండ్లు నడిపి రిటైరైన ఆంగ్లో ఇండియన్. ఆ సంచీ ఆయనే స్వయంగా తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు.

‘‘టీచర్‌జీ, ఈ సంచీ ఎవరి మాటా వినదు. నా పెళ్ళాం ఎమిలీ ముప్పై ఏళ్ళు దీంతో ఆడింది. ఒక్క ఫుల్ హౌస్ లేదు. నేనే అంకెలు పిలిచేవాణ్ణి, అయినా లేదు. ఇంట్లో అన్నం కూడా పెట్టేది కాదు ఒక్కోసారి!’’

పద్ధతి ఇలా కుదిరింది. కొండ కింద ఊళ్ళో చలపతి మనుషుల ఆఫీసు ఒకటి ఉంది. మబ్బు వస్తోందని తెలియగానే అక్కణ్ణుంచి దుర్గాంబ గారికి ట్రంకు కాలు వస్తుంది. ఆవిడ సంచీలోంచి ఒక బిళ్ళ తీస్తుంది. బేసి అంకె వస్తే ఎర్ర డబ్బా, సరి అంకె వస్తే నీలం డబ్బా. ఎర్ర దాంట్లో మందు ఉంటుంది, నీలం దాంట్లో ఉండదు. రెండూ ఒకేలా మండుతాయి. ఆ సంగతి పైన గుడిసెలో పొయ్యి వెలిగించేవాడికి వైర్‌లెస్‌లో చెప్తారు. నల్ల ముఖమల్ పరిచిన పలకల మీద మంచు రేకులు పట్టి కొలిచే కుర్రాళ్ళకి మాత్రం ఏ డబ్బా మండిందో చెప్పరు. ఎర్ర డబ్బాలో ఏముందో దుర్గాంబ గారికి కూడా చెప్పకుండా ఉంటే బాగుండేది. చలపతి చెప్పకూడదనే అనుకున్నాడు. ‘‘అర్థం కాని లెక్క నేను చెయ్యను బాబూ,’’ అందావిడ. చెప్పేశాడు.

కాలేజీ వాళ్ళు ఆవిడ ఇంటికి ఫోను పెట్టించారు. ఆ రోజుల్లో ఫోను కోసం అర్జీ పెట్టుకున్నవాళ్ళకి ఫోనుకంటే ముందు మనవలు పుట్టేవారు. దుర్గాంబ గారి ముందుగదిలోకి అది వారం తిరగకుండా వచ్చేసింది. కాలనీలో సగం మంది చుట్టాలకి ఆ నంబరు ఇచ్చేసుకున్నారు. వెంకటసుబ్బయ్య గారు వాల్తేరులో ఉన్న కూతురు లలితతో మాట్లాడటానికి సాయంత్రం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాడు.

మబ్బు కబురు వచ్చినప్పుడు మాత్రం ఆ గదిలో ఎవరూ దగ్గకూడదు. ఫోనులో అటువైపు గాలి హోరు వినపడగానే దుర్గాంబ గారికి ఇక్కడ చలేసేది. టోపీ పెట్టుకుని, చేతులు కడుక్కుని, కళ్ళు మూసుకుని సంచీలో చెయ్యి పెట్టేది. బిళ్ళ తీసి, చూసి, ‘‘నీలం’’ అనో ‘‘ఎర్ర’’ అనో ఫోనులో గట్టిగా అరిచేది. ఫోను లేకపోయినా కొండ మీదకి వినపడేలా అరిచేదని వెంకటసుబ్బయ్య గారు అంటాడు.

ఇదంతా గుట్టుగా జరగాల్సింది. కానీ నూకరాజు ఒకడున్నాడు కదా. పూరీ గేట్ టీ కొట్లో కూర్చుని, దుర్గాంబ టీచరు ఇంట్లో ఒక సంచీ ఉందనీ, అందులో వాన ఉందనీ పుకారు పుట్టించాడు. ఇంకేముంది! ఫుట్‌బాల్ ఫైనలు రోజు వాన లేకుండా చూడమని క్లబ్బు కుర్రాళ్ళు దండ పట్టుకుని వచ్చారు. పక్కింటి బెంగాలీ ఆవిడ మేడ మీద నుంచే, ‘‘దీదీ, వడియాలు ఎండబెట్టాను, రెండ్రోజులు సంచీ ముట్టుకోవద్దు!’’ అని కేకేసింది. దుర్గాంబ గారు నూకరాజుని పిలిపించింది. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

‘‘ఏట్రా, నేను వాన కురిపిస్తానని చెప్పినావట?’’

‘‘లేదు టీచరమ్మా. ఆపుతారని సెప్పినాను. కురిపిస్తారని అనీసింది ఆళ్ళే.’’

తిట్టాలనుకున్నావిడకి నవ్వొచ్చింది. నవ్వితే వీడు చెడిపోతాడని, ఫోను తీగ గరగరలాడుతోంది, బాగుచెయ్యమని పని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ వాడికి ఆ ఇంట్లో రాకపోకలు. తీగ మాత్రం ఎప్పుడూ పూర్తిగా బాగుపడలేదు. బాగుపడితే టీ ఎవరిస్తారు?

మొదటి శీతాకాలం సాఫీగా గడిచింది; ఆ ఏడాది మొదటి మబ్బుకి బేసి బిళ్ళే పడింది. రెండో శీతాకాలం మొదటి మబ్బు వచ్చిన రోజు నూకరాజు కిటికీ బయట స్టూలెక్కి తీగ గీకుతున్నాడు. లోపల దుర్గాంబ గారు అలవాటు ప్రకారం టోపీ పెట్టుకుంది, చేతులు కడుక్కుంది, ఫోను ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి సంచీలో పెట్టింది.

అరవై రెండు. సరి. నీలం డబ్బా.

నోరు తెరిచింది. ‘నీలం’ అనబోయి ఆగింది.

ఏడాదికి మొదటి మబ్బు. ఎక్కణ్ణుంచో బయల్దేరి, ఎన్ని ఊళ్ళు దాటుకునో వచ్చి గుమ్మంలో నిలబడింది. దాన్ని లేదు పొమ్మనడమా? ఆవిడ కళ్ళముందు తండ్రి కొట్టు కదిలింది. పొద్దున్నే తలుపు తియ్యగానే వచ్చిన మొదటి బేరాన్ని ఆయన ఎప్పుడూ ఉత్తచేతులతో పంపలేదు. అడిగిన సామాను కొట్లో లేకపోతే పక్క కొట్టుకి కుర్రాణ్ణి పరిగెత్తించి, తెప్పించి మరీ ఇచ్చేవాడు. ఎదుటి మార్వాడీ బట్టల కొట్లోనూ అంతే, మూల మీద బెంగాలీ మిఠాయి కొట్లోనూ అంతే. గోల్‌బజార్‌లో ఏ భాషవాడైనా బోణీ దగ్గర మాత్రం ఒకటే కులం. ఆ బజారులో పెరిగిన పిల్ల చెయ్యి, లెక్కల టీచరుని అడక్కుండానే, అరవై రెండుని సంచీలో వదిలేసి ఇంకో బిళ్ళ పట్టుకుంది.

పదిహేడు.

‘‘ఎర్ర!’’ అని అరిచింది దుర్గాంబ గారు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంచి, ‘బోణీ’ అని గొణుక్కుంటూ ఆ బిళ్ళని కళ్ళకద్దుకుంది. కిటికీలో నూకరాజు పళ్ళు కనపడ్డాయి. వాడి పళ్ళు ఎప్పుడూ కనపడుతూనే ఉంటాయి కనుక ఆవిడ పట్టించుకోలేదు. తప్పు చేశానని కూడా ఆవిడకి తట్టలేదు. అర మార్కు కోసం స్టేషను మాస్టారిని ఏడిపించిన మనిషికి ఇది తట్టకపోవడమేమిటని మీరడగొచ్చు. బోణీ ఆవిడ దృష్టిలో లెక్కల్లోకి వచ్చేది కాదు. అది పసుపు, కుంకుమ, గుమ్మానికి తోరణం, ఆ జాబితాలోది. ఆ తర్వాత వచ్చిన మబ్బులన్నిటికీ మొదట వచ్చిన బిళ్ళే చెప్పింది; మూడో ఏడాది బోణీ మబ్బుకి బేసి దానంతటదే పడింది.

ఆ తుఫాను మామూలుగా కురవలేదు. గుడిసె తలుపు మంచులో కూరుకుపోయి, పొయ్యి చూసేవాడు కిటికీలోంచి బయటికి దూకాల్సి వచ్చింది. కింద తోటల వాళ్ళు డప్పులు కొట్టారట. మంచు కొలతలకి చలపతి గీసిన బొమ్మలో మిగతా గీతలన్నీ కూర్చుని ఉంటే, ఆ ఒక్క గీత లేచి నిలబడింది.

మూడో శీతాకాలం వెళ్ళిపోతుండగా చలపతి కొత్త బెల్లం రసగుల్లాల కుండ పట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. మందు పనిచేస్తోందని లెక్క చెబుతోందట. ఢిల్లీ నుంచి డబ్బిచ్చే పెద్దలు వస్తున్నారట. వాళ్ళు ఊ అంటే ఇంకో అయిదేళ్ళు పని సాగుతుంది, గుడిసెలో కుర్రాళ్ళ ఉద్యోగాలు నిలుస్తాయి, చలపతికి పేరొస్తుంది, ఈ ఇంట్లో ఫోను ఉంటుంది. వెంకటసుబ్బయ్య గారు ఈ చివరి మాటకి ఇంకో రసగుల్లా తీసుకున్నాడు.

నూకరాజు కూడా ఉన్నాడు. అంత సంతోషంలో వాడికి చేతులు దురదపెట్టాయి. మేకుకి వేలాడుతున్న ఆవిడ మంకీ టోపీ తీసి తలకి తగిలించుకున్నాడు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. దవడలో రసగుల్లా.

‘‘సూడండి సలపతిగారూ, మా టీచరమ్మ మబ్బుకి బేరం ఎలాగ సేస్తారో! అరవై రెండు. హమ్మో, సరి! బోణీ ఏళ లేదంటే ఎలాగ? పోయిరా అరవై రెండూ...’’ అని బిళ్ళని సంచీలో పడేసి, ఇంకోటి తీసి కళ్ళకద్దుకుని, ‘‘ఎర్రా!’’ అని కొండ దాకా అరిచాడు.

వెంకటసుబ్బయ్య గారు పొట్ట పట్టుకుని నవ్వాడు. దుర్గాంబ గారికి కూడా నవ్వొచ్చింది. సగం నవ్వులో చలపతి మొహం చూసి ఆపేసింది. అతని చేతిలో రసగుల్లా అలాగే ఉంది, పాకం మోచేతి దాకా కారుతోంది.

‘‘అమ్మా, వీడు ఊరికే అంటున్నాడు కదూ?’’

అప్పుడు తట్టింది ఆవిడకి. తప్పు చేసిన పిల్లవాడికి బోర్డు దగ్గర హఠాత్తుగా తెలుస్తుంది చూశారా, అలా చెవులు వేడెక్కాయి.

చలపతి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు. ‘‘అమ్మా, జాగ్రత్తగా గుర్తుచేసుకోండి. మీరు ప్రతిసారీ మొదటి బిళ్ళ వెనక్కి వేసి, రెండోదే లెక్కలోకి తీసుకునేవారా? అలా అయితే ఏ బాధా లేదు. మొదటిది ఏదైనా సరే వెనక్కే అంటే అదీ ఒక పద్ధతే. సరి వచ్చిందని మాత్రమే వెనక్కి వేసి ఉంటే...’’ మిగతాది మింగేశాడు.

గదిలో అందరికీ అర్థమైంది. ఆవిడ నోట ‘ప్రతిసారీ’ అన్న ఒక్క మాట వస్తే చాలు, లెక్క నిలుస్తుంది.

ముందు నూకరాజు అందుకున్నాడు. ‘‘పెతీసారీ అంతేనండీ! నాను కిటికీలోంచి సూసినాను. పెతీసారీ ఎనక్కేసీసీవోరు!’’

తర్వాత వెంకటసుబ్బయ్య గారు. ‘‘అవును దుర్గా, మొదటిది దేవుడికని నువ్వెప్పుడూ తీసేస్తావు కదూ? కూరలు కొన్నా అంతే కదా నువ్వు!’’

‘‘మీరు ఉండండి,’’ అంది దుర్గాంబ గారు.

వసారాలో ట్యూషన్ పిల్లల కోసం పెట్టిన నల్లబల్ల ఉంది. చలపతికి సుద్దముక్క ఇచ్చింది. ‘‘ఆ తుఫాను ఉంచి ఒకసారి లెక్క చెయ్యి. తీసేసి ఒకసారి చెయ్యి.’’

అతను చేశాడు. ఉంచితే మందు పనిచేసినట్టే. తీసేస్తే, ఉత్త గాలివాటంగానే ఆ మాత్రం ఎక్కువ తక్కువలు రావొచ్చు, ఏమీ చెప్పలేం. చలపతి రెండో జవాబు కింద గీత గీయకుండా సుద్ద పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడకి అతని మెడ వెనక భాగం కనపడుతోంది. వారం వారం వచ్చి ఆకలిగా తినే కుర్రాడు. ‘ప్రతిసారీ’ అంటే వెనక్కి తిరిగి నవ్వుతాడు. ఊళ్ళో తన పేరూ నిలుస్తుంది. దుర్గాంబ టీచరు చెయ్యి తప్పుచేసిందని ఇందా బజారు దాకా చెప్పుకునే రోజు రాకుండా పోతుంది.

ఆవిడ సుద్దముక్క తీసుకుని రెండో జవాబు కింద గీత తనే గీసింది.

‘‘ఒక్కసారే బాబూ. సరి వచ్చినాదనే వెనక్కి వేసినాను. మిగతావన్నీ మొదటివే. ఆ తుఫాను లెక్కలోంచి కొట్టీ.’’

‘‘అమ్మా, ఢిల్లీ వాళ్ళకి నేనెలా...’’

‘‘నువ్వెందుకు చెప్తావు? తప్పు చేసినదాన్ని నేనుండగా!’’

చెప్పినట్టే వెళ్ళింది. ఎండలు మొదలైనా సరే, కాలేజీలో పెద్దవాళ్ళ ముందు కూర్చోవాలంటే చలేస్తుందని శాలువా కప్పుకుని మరీ రిక్షా ఎక్కింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, జరిగింది జరిగినట్టు హిందీలోనూ బెంగాలీలోనూ కలిపి చెప్పింది. వాళ్ళలో ఒక ముసలాయన కలకత్తా మనిషి. బోణీ అనగానే కళ్ళజోడు తీసి తుడుచుకుని, ‘‘మా నాన్నకీ కొట్టుండేదమ్మా,’’ అన్నాడు. అంతా నవ్వారు. నవ్వి, ఆ తుఫానుని కొట్టేశారు. మందు పనిచేస్తుందనీ చెప్పలేం, చెయ్యదనీ చెప్పలేం, ఇప్పటికి డబ్బు ఇవ్వలేం అని రాసేశారు. గుడిసెకి తాళం పడింది. కుర్రాళ్ళు ఆపిల్ తోటల్లో పనికి కుదిరారు.

వారం తిరక్కుండా ఊళ్ళో చెప్పుకోవడం మొదలైంది. స్టేషను మాస్టారు పనిగట్టుకుని బడి ముందు నుంచి నడిచి వెళ్ళాడు. దుర్గాంబ గారు గేటు దగ్గరే నిలబడి, ‘‘ఇందా, కోసుకోండి మార్కులు!’’ అంది. ఆయనే తల దించుకున్నాడు.

చలపతి మూడు ఆదివారాలు రాలేదు. అలిగాడనుకుని ఆవిడ మూడు వారాలూ అతనికిష్టమైన గోంగూర వండలేదు. నాలుగో ఆదివారం సైకిలు బెల్లు మోగింది. ఏమీ జరగనట్టు కంచం ముందు కూర్చుని, ‘‘కొత్త అర్జీ రాస్తున్నానమ్మా, మళ్ళీ మొదట్నుంచీ,’’ అన్నాడు.

‘‘రాయి. బిళ్ళలు తియ్యడానికి మాత్రం ఇంకెవర్నైనా చూసుకో.’’

‘‘ఎవర్నమ్మా?’’

‘‘కొట్లో పెరగనివాళ్ళని.’’

ఆ మర్నాడు ఫోను పట్టుకెళ్ళడానికి మనుషులొచ్చారు. కాలనీ జనం గుమ్మం ముందు మూగారు. వెంకటసుబ్బయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, లలితకి చివరిసారి ఫోను చేసి, ఏం మాట్లాడాలో తోచక అక్కడ ఎండ ఎలా ఉందని అడిగి పెట్టేశాడు. కిటికీ దగ్గర తీగ విప్పేది నూకరాజే. ఆ తీగ ఎటు నుంచి ఎటు పోయిందో ఇంకెవరికీ అంతుపట్టలేదు మరి.

అంతా వెళ్ళిపోయాక వాడు తీగ చుట్టుకుంటూ వసారాలో నిలబడ్డాడు. దుర్గాంబ గారు నల్లబల్ల తుడుస్తోంది.

‘‘తప్పయిపోనాది టీచరమ్మా,’’ అన్నాడు. ‘‘ఆ రోజు నాను నోరు మూసుకునుంటే మీకీ మాటా వచ్చీది కాదు, సలపతిగారి పనీ పోయీది కాదు. నా నోరే నన్ను సంపుతాది.’’

ఆవిడ తుడవడం ఆపి వాడి వైపు తిరిగింది.

‘‘నోరు విప్పినందుకు కాదురా నిన్ను తన్నాల్సింది! నా చెయ్యి రెండోసారి సంచీలోకి వెళ్ళినప్పుడు కిటికీలో నిలబడి పళ్ళికిలించినావు. ఫోను ఇంకా నా చేతిలోనే ఉన్నాది. ‘ఏటమ్మా ఇది’ అని అప్పుడే ఒక్క మాట అన్నావంటే, ఆ నిమిషంలోనే ‘నీలం’ అని దిద్దుకుందును కదా! ఏడాదికి పైగా నోరు మూసుకున్నావు, ఇప్పుడొచ్చి నోరు మూసుకోడం మంచిదని నాకు పాఠం చెప్తావేటి?’’